హాంకాంగ్ పండ్ల బజారు: పేరు ఒకటి, సరుకు రెండు

హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక కొనుగోలు చీటీలో "సెక్‌లౌ, 100 గన్" అని మాత్రమే వున్నదనుకుందాం. చీటీ చిన్నదే గాని అందులో డబ్బు పోవడానికి రెండు దారులున్నాయి. సెక్‌లౌ అంటే దానిమ్మ. దానికి ముందు "ఫాన్" అన్న ముక్క చేరితే అది జామ. టెలిఫోనులో తొందరగా చెప్పినప్పుడు ఆ ముక్క జారిపోతే జామ అడిగిన కొట్టుకు దానిమ్మ పెట్టెలు చేరుతాయి. ఇక గన్ అన్నది తూకం. హాంకాంగ్‌లో ఒక గన్ 600 గ్రాములకు కొంచెం పైన. సరిహద్దు దాటి చైనా ప్రధాన భూభాగంలో అడుగుపెడితే అదే మాటకు సరిగ్గా 500 గ్రాములు. చీటీ రాసినవాడు ఎవరినీ మోసం చేయలేదు. తన వూరి వాడుకలో తాను రాశాడు. నష్టం మాత్రం ఆ వాడుక తెలియనివాడి నెత్తిన పడుతుంది.

హాంకాంగ్‌లో ఇంగ్లీషు, చైనీసు రెండూ అధికార భాషలే. బ్యాంకు కాగితాలు, ఓడ కాగితాలు, ఇన్‌వాయిస్‌లు ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తాయి. బేరం మాత్రం కాంటనీసు మాటలో సాగుతుంది. కౌలూన్ వైపు యావ్‌మాటేలో 1913 నుంచి నడుస్తున్న టోకు పండ్ల బజారును స్థానికులు "గ్వోలాన్" అంటారు. గ్వో అంటే పండు, లాన్ అంటే టోకు కొట్టు. అర్ధరాత్రి దాటాక అక్కడ లారీలు దిగుతాయి. తెల్లవారేసరికి సరుకు చిల్లర దుకాణాలకు వెళ్ళిపోతుంది. అంత హడావుడిలో ఎవరూ ఇంగ్లీషు పేరు వెతుక్కోరు. కాగితం మీద ఒక భాష, బజారులో ఇంకొక భాష నడిచే చోట పండు పేరుకు హద్దులు కుదరవు. ఇంగ్లీషు ఒకే పేరుతో సరిపెట్టిన సరుకును కాంటనీసు రెండుగా విడదీస్తుంది. కాంటనీసులో చుట్టరికం వున్న రెండు పేర్లకు ఇంగ్లీషులో ఏ సంబంధమూ వుండదు.

"ఫాన్" అంటే సీమ సరుకు

తెలుగులో "సీమ" అన్న మాట చేసే పనే కాంటనీసులో "ఫాన్" చేస్తుంది. సముద్రం దాటి వచ్చినదని దాని అర్థం. మనవారు చింతను పోలిన కొత్త కాయ కనబడితే సీమచింత అన్నారు, బొప్పాయిని పరంగికాయ అన్నారు. కాంటనీసువారు వంకాయకు ఫాన్ చేర్చి టమాటాను "ఫాన్‌కే" అన్నారు. దానిమ్మకు ఫాన్ చేర్చి జామను "ఫాన్‌సెక్‌లౌ" అన్నారు. రెండు కాయలకూ ఒక కొసన ఎండిన చిన్న కిరీటం వుంటుంది, లోపల గింజలు వుంటాయి. పోలిక లేదనలేము. కాని గిడ్డంగిలో ఆ పోలిక పనికిరాదు. మందపు తొక్క గల దానిమ్మ సరైన చలిలో రెండు నెలల దాకా నిలుస్తుంది. జామ చలిలో పెట్టినా రెండు మూడు వారాలకు మించదు, బయట వుంటే కొద్ది రోజులే. దానిమ్మకు వేసుకున్న ఓడ ప్రయాణపు లెక్క జామకు వేస్తే రేవులో దిగేది పండు కాదు, గుజ్జు.

సీతాఫలం పేరు ఇంకా తమాషాగా వుంటుంది. దాన్ని కాంటనీసులో "ఫాన్‌గ్వాయ్ లాయ్‌జీ" అంటారు. లాయ్‌జీ అంటే లీచీ. ఫాన్‌గ్వాయ్ అంటే పరదేశి దయ్యం, అనగా తెల్లవారికి పాతకాలం నాటి కాంటన్ పెట్టిన ఎగతాళి పేరు. ప్రధాన భూభాగపు కాగితాల్లో దయ్యం పోయి "ఫాన్‌లాయ్‌జీ" మిగిలింది. తైవాను నుంచి దిగుమతి అయ్యే అదే జాతి పండును "సిక్‌గా" అంటారు. ఇది శాక్య శబ్దం. కణుపులు కణుపులుగా వున్న తొక్క బుద్ధ విగ్రహం తల మీది జుట్టు ముడుల్లా కనిపిస్తుందని ఆ పేరు వచ్చింది. మనకు సీతమ్మ, వారికి శాక్యముని. మధ్యలో ఒక దయ్యం.

నవ్వుకోవడానికి బాగానే వుంది గాని, ఇక్కడ అసలు చిక్కు ఇంగ్లీషు పేరులో వుంది. మన ఎగుమతిదారు "కస్టర్డ్ ఆపిల్" అని రాస్తే అతని మనసులో వున్నది సీతాఫలం. ఆస్ట్రేలియా వర్తకుడు అదే పేరు రాస్తే అతని పెట్టెలో వున్నది అటిమోయా, అంటే సీతాఫలాన్ని దక్షిణ అమెరికా చెరిమోయాతో కలిపి పుట్టించిన సంకరం. అది పెద్దది, కండ గట్టిది, గింజలు తక్కువ. వృక్షశాస్త్ర గ్రంథాలు చాలా వాటిలో కస్టర్డ్ ఆపిల్ అంటే ఈ రెండూ కాదు, రామాఫలం! మూడు పండ్లకూ ఒకే పేరు. వాటిలో సీతాఫలం మెత్తబడగానే తొక్క కణుపుల వెంట విచ్చుకుంటుంది కాబట్టి దూర ప్రయాణానికి అన్నింటికన్నా బలహీనం. అటిమోయా మీద అలవాటుపడిన కొనుగోలుదారు సీతాఫలం పెట్టె తెరిచి "ఇది నేనడిగిన సరుకు కాదు" అంటే తప్పు అతనిదని తేల్చడం కష్టం.

కాంటన్ నుంచి ఇంగ్లీషుకు పోయిన పేర్లు

అన్నీ ఇంగ్లీషు నుంచే వచ్చాయనుకోరాదు. లీచీ, లాంగన్, కంక్వాట్, లోక్వాట్, వాంపీ అన్న ఇంగ్లీషు మాటలు చైనీసు పేర్లే. కంక్వాట్, లోక్వాట్, వాంపీ అయితే నేరుగా కాంటనీసు పలుకుబడి నుంచే ఇంగ్లీషులోకి పోయాయి. గమ్‌గ్వత్ అంటే బంగారు నారింజ, వోంగ్‌పేయ్ అంటే పసుపు తొక్క. విచిత్రమేమంటే లోక్వాట్‌ను నేడు కాంటనీసు బజారులో ఎవరూ ఆ పేరుతో అమ్మరు. అక్కడ అది "పేయ్‌పా". ఇంగ్లీషులో నిలిచిన కాంటనీసు పేరు కదా అని అదే పలికితే కాంటనీసు వర్తకుడికి అర్థం కాకపోవచ్చు.

మామిడి దారి వేరు. మలయాళ, తమిళ దేశాల "మాంగ" పోర్చుగీసువారి నోట పడి ఇంగ్లీషులో మ్యాంగో అయింది. కాంటనీసు "మోంగ్‌గ్వో" కూడా ఆ శబ్దపు చుట్టమే. తెలుగు "మామిడి" ఈ ఓడ ఎక్కలేదు. హాంకాంగ్‌లో మామిడిని వూరి పేరుతో, దేశం పేరుతో గుర్తించే అలవాటు బలంగా వుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే పసుపుపచ్చని కోల మామిడి "లెయ్‌సుంగ్ మోంగ్", అంటే లూజోన్ దీవి మామిడి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లి కూడా వూరి పేరే. కాబట్టి ఉత్త మ్యాంగో అని రాసి వదిలేయకుండా రకం పేరు రాయడం ఆ బజారు పద్ధతికి కొత్తేమీ కాదు.

లీచీ: రకం చెప్పకపోతే ధర చెప్పలేరు

కాంటనీసువారికి లీచీ మనకు మామిడి లాంటిది. ఉత్త "లాయ్‌జీ" అని అడిగేవాడిని కొత్తవాడుగా లెక్కగడతారు. రకం పేరులోనే గుణం వుంటుంది. "నోమాయ్‌చీ" అంటే జిగురు బియ్యపు ముద్ద. ఈ పండు హృదయాకారంగా, ఎర్రగా వుంటుంది. దాని గింజ చాలా కాయల్లో ఎండి ముడుచుకుపోయి వుంటుంది, అందుచేత కండ ఎక్కువ. ముడుచుకున్న గింజను కోడి నాలుక అంటారు. "గ్వాయ్‌మేయ్" పేరులోని గ్వాయ్ ఒక సువాసన పూలచెట్టు. ఈ పండు తొక్క మీద ముళ్ళు వాడిగా వుంటాయి, కండ కరకరలాడుతుంది, పూల వాసన వుంటుంది. "హాక్‌యిప్" అంటే నల్లాకు. గింజ పెద్దది, ధర తక్కువ పలికే సరుకు.

"ఫేయ్‌జీసియు" దగ్గర తెలియనివారు తరచు పొరబడతారు. ఈ పేరుకు రాణిగారి నవ్వు అని అర్థం. టాంగ్ చక్రవర్తి తన ప్రియురాలు యాంగ్ గ్వేఫే కోసం దక్షిణం నుంచి గుర్రాల మీద లీచీలు తెప్పించాడన్న కథ నుంచి వచ్చింది. ఇది సీజను మొదట్లో వచ్చే రకం. పండిన తరువాత కూడా తొక్క మీద పచ్చదనం మిగిలివుంటుంది. ఎరుపు చూసి పక్వం కొలిచే అలవాటున్న తనిఖీదారు దీన్ని పచ్చికాయ అని తోసివేస్తాడు. నిజానికి పూర్తిగా ఎర్రబడే దాకా చెట్టున వుంచితే దీని తీపి తగ్గుతుంది. ఒప్పందంలో "ఎర్రని పండు" అని రాసుకుని ఫేయ్‌జీసియు తెప్పించుకున్నవాడు మంచి సరుకును తిరగగొట్టి చప్పని సరుకును తీసుకున్నట్టే.

పేరు ధరను ఎంత దూరం లాగగలదో "గ్వాలుక్" చూపిస్తుంది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని జెంగ్‌చెంగ్ దీని స్వస్థలం. ఎర్రని తొక్క మీద పచ్చని గీత వుంటుంది. 2002లో అక్కడి పాత చెట్టు కాయల వేలంలో ఒక్క లీచీ 5,55,000 యువాన్లకు పోయింది. అది తినే పండుకు కట్టిన ధర కాదు, చెట్టు పేరుకు కట్టినది. మామూలు తోటల్లో అంటుకట్టి పెంచిన గ్వాలుక్‌కు ఆ వేలాన్ని చూపి ధర అడిగే దళారీ మాట నమ్మనవసరం లేదు.

లీచీకి కాలమే శత్రువు. తెంపిన మొదటి రోజు రంగు, రెండో రోజు వాసన, మూడో రోజు రుచి పోతాయని చైనాలో పాత లెక్క. 2 నుంచి 5 డిగ్రీల సెంటీగ్రేడు చలి, మంచి తేమ వుంటే మూడు నాలుగు వారాలు సాగదీయవచ్చు. తొక్క గోధుమరంగుకు తిరిగినంత మాత్రాన లోపలి కండ చెడినట్టు కాదు, కాని బజారు తొక్కనే చూస్తుంది.

లాంగన్‌ను కాంటనీసులో "లుంగ్‌ఙాన్" అంటారు, అంటే డ్రాగన్ కన్ను. తెల్లని కండలో నల్లని గింజ కనిపించే తీరు చూసి ఆ పేరు పెట్టారు. వర్ణమాలలో తప్ప కనిపించని మన "ఙ" అక్షరానికి ఇక్కడ పని దొరికింది. లీచీ సీజను ముగిశాక వస్తుంది కాబట్టి దీనికి "లీచీ దాసుడు" అన్న పేరు కూడా వుంది. దాసుడైనా ఎండబెడితే యజమాని కన్నా మంచి సరుకు అవుతుంది. ఎండు లాంగన్ కండను వంటల్లోనూ, కషాయాల్లోనూ వాడతారు కాబట్టి దానికి ఏడాది పొడుగునా గిరాకీ. తాజా లాంగన్‌కు గంధకపు పొగ పట్టడం వాడుక. తొక్క పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది, నిలవ పెరుగుతుంది. అసహజంగా ఒకే రంగులో మెరిసిపోయే పెట్టెను చూస్తే మెచ్చుకోవడం కన్నా గంధకపు శేషం పరీక్ష కాగితం అడగడం మేలు.

దురియన్: రెండు పక్వాలు, రెండు లెక్కలు

ఇప్పటి పెద్ద డబ్బు దురియన్‌లో వుంది. చైనా ప్రధాన భూభాగం 2023లో సుమారు 14 లక్షల టన్నుల తాజా దురియన్ దిగుమతి చేసుకున్నది. మలయాలో "దురి" అంటే ముల్లు. కాంటనీసులో "లౌలిన్". పనసకాయను చూసినవారికి ఇది దాని కోపిష్టి తమ్ముడిలా కనిపిస్తుంది గాని జాతి వేరు, దూదిచెట్టు బూరుగుకు చుట్టం.

థాయి సరుకులో ముఖ్యమైనది మోంథాంగ్. థాయిలో ఆ మాటకు బంగారు దిండు అని అర్థం. కాంటనీసులో అదే అర్థంతో "గమ్‌జమ్‌తౌ" అన్నారు. కాయ పెద్దది, కండ మందం, గింజ చిన్నది, వాసన తక్కువ. మలేసియా నుంచి వచ్చే "మావ్‌సాన్‌వోంగ్" ఇంకొక దారి. మలయాలో ముసాంగ్ అంటే పునుగుపిల్లి. మావ్ అంటే పిల్లి, సాన్ అంటే కొండ, వోంగ్ అంటే రాజు. శబ్దం కొంత, అర్థం కొంత కలిపి పిల్లికొండ రాజును తయారుచేశారు. మలేసియా రికార్డుల్లో ఇది డి 197, నమోదైనది 1993లో. కండ ముదురు పసుపు, తీపితో పాటు చిన్న చేదు. కాయ అడుగున అతుకులు నక్షత్రం ఆకారంలో స్పష్టంగా కనిపించాలి. ఆ గుర్తు లేని కాయకు ఆ పేరు తగిలించి అమ్మేవారు లేకపోలేదు.

అసలు తేడా కోతలో వుంది. థాయిలాండులో కాయను చెట్టు మీదనే లెక్కగట్టి కోస్తారు, అది ప్రయాణంలో పండుతుంది. మలేసియాలో కాయ పండి దానంతట అది రాలిపడాలి. రాలిన కాయ రుచిలో మేటి, నిలవలో దుర్బలం. అందుచేతనే మలేసియా సరుకు చాలాకాలం గడ్డకట్టించిన రూపంలో పోయేది. తొక్కతో సహా గడ్డకట్టించిన కాయలకు చైనా 2019లోనూ, తాజా కాయలకు 2024లోనూ దారి తెరిచింది. వియత్నాం తాజా కాయలకు 2022లోనే అనుమతి వచ్చింది.

కోసే సరుకులో మోసం లేతకాయ రూపంలో వస్తుంది. సీజను ఆరంభంలో ధర ఎక్కువ కాబట్టి ముదరకముందే కోసి పంపుతారు. అది ఎన్నాళ్ళున్నా పండదు, రబ్బరులా మిగులుతుంది. దీనికి అడ్డుగా థాయి ప్రమాణంలో మోంథాంగ్ కండలో పొడిపదార్థం కనీసం 32 శాతం వుండాలని పెట్టారు. 2025 జనవరి నుంచి చైనా మరొక షరతు చేర్చింది. తొక్కకు పసుపు వన్నె కోసం వాడే "బేసిక్ యెల్లో 2" అన్న రంగు లేదని, కాడ్మియం పరిమితికి లోబడి వున్నదని పరీక్ష పత్రం వుండాలి. అప్పుడు సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. దురియన్ కొన్నవాడు తొక్కకు కూడా డబ్బు చెల్లిస్తాడన్నది మరువరాదు. కాయ బరువులో తినే కండ మూడో వంతుకు మించడం అరుదు.

దురియన్ అమ్మేవాని పక్కన మంగోస్టీన్ వుండటం యాదృచ్ఛికం కాదు. కాంటనీసు ఇళ్ళలో పండ్లను మన ఇళ్ళలో లాగానే వేడి చేసేవి, చలవ చేసేవి అని విడదీస్తారు. దురియన్, లీచీ, లాంగన్ వేడి. మంగోస్టీన్, పంపరపనస చలవ. దురియన్ తిన్నవాడు మంగోస్టీన్ వెతుక్కుంటాడు. వైద్యపరంగా అది ఎంత నిజమన్నది వేరే చర్చ. ఒకదాని రాబడి పెరిగితే రెండోదానికి గిరాకీ వస్తుందన్నది వర్తకునికి కావలసిన విషయం.

మంగోస్టీన్‌లో మ్యాంగో శబ్దం విని మామిడి జాతి అనుకుంటారు. ఆ మాట మలయా నుంచి వచ్చింది, మామిడితో సంబంధం లేదు. కాంటనీసులో "సాన్‌జుక్", అంటే కొండ వెదురు; వెదురుతోనూ సంబంధం లేదు. పండు అడుగున పూరేకుల్లా వున్న గుర్తు లెక్కపెడితే లోపల ఎన్ని తొనలున్నాయో తెలుస్తుంది. తొనలు ఎక్కువైతే గింజ వున్న పెద్ద తొనలు తక్కువ. తొక్కను వేళ్ళతో నొక్కితే కొద్దిగా లొంగాలి. రాయిలా వుంటే లోపల ఎండిపోయింది. తొక్క మీదా లోపలా పసుపు జిగురు కనిపిస్తే కండ చేదెక్కి వుంటుంది.

అనాస, పనస చిక్కు

అనాసను కాంటనీసులో "బోలో" అంటారు. పనసను "దాయ్‌శ్యుబోలో", అంటే పెద్దచెట్టు అనాస అంటారు. తెలుగులో పంపరపనస పేరులో పనస ఎలా దూరిందో అక్కడ పనస పేరులో అనాస అలా దూరింది. ఇంగ్లీషు జాక్‌ఫ్రూట్‌లోని జాక్ మనిషి పేరు కాదు, మలయాళపు చక్క పోర్చుగీసు మీదుగా అలా మారింది.

అనాసకే మరొక పేరు "ఫుంగ్‌లేయ్". జాతి ఒకటే. అయినా హాంకాంగ్ కొట్టులో బోలో, ఫుంగ్‌లేయ్ రెండు సరుకులు. ఫుంగ్‌లేయ్ అంటే తైవాను రకాలు. కళ్ళు లోతు తక్కువ, లోపలి బొడ్డు కూడా తినవచ్చు, నాలుక కోయదు, ధర ఎక్కువ. బోలో కళ్ళు లోతుగా చెక్కి ఉప్పునీట నానబెట్టి తినాలి. 2021 మార్చి 1 నుంచి చైనా ప్రధాన భూభాగం తైవాను అనాసను ఆపివేసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో తైవాను సీతాఫలాన్ని, గులాబ్‌జామను కూడా ఆపింది. హాంకాంగ్ తలుపు తెరిచే వుంది. కాగితం మీద "పైనాపిల్" అన్న ఒకే మాట వున్నా, పెట్టె మీద ఏ చైనీసు పేరు వున్నదన్నదాన్ని బట్టి దాని ధరా మారుతుంది, దాని తరువాతి ప్రయాణమూ మారుతుంది.

మిగిలినవాటిని త్వరగా చూడవచ్చు. రంబుటాన్ మలయాలో వెంట్రుకల పండు, కాంటనీసులో "హుంగ్‌మోదాన్", ఎర్ర వెంట్రుకలది. వెంట్రుకలు నల్లబడితే పాత సరుకు. బొప్పాయి "ముక్‌గ్వా", చెట్టు గుమ్మడి వంటి పేరు. కాని మందుల కొట్లో ముక్‌గ్వా అంటే ఎండబెట్టిన చైనా క్విన్స్ ముక్కలు, ఎండు బొప్పాయి కాదు. "సాతిన్‌యౌ" పంపరపనస హాంకాంగ్‌లోని సాతిన్ పట్టణానిది కాదు, గ్వాంగ్‌షీ రాష్ట్రంలో అదే పేరుగల పల్లెది. దాని గిరాకీ శరత్కాలపు పున్నమి పండుగతో ముడిపడి వుంటుంది. కరంబోలా "యెంగ్‌తో", మూత్రపిండాల జబ్బు వున్నవారికి ప్రమాదకరం. పాషన్ ఫ్రూట్‌కు ఇంగ్లీషులో క్రీస్తు పడిన యాతనను బట్టి పేరు వచ్చింది. హాంకాంగ్ అనువాదకుడు పాషన్ అంటే ఉత్సాహం అనుకుని "యిత్‌చింగ్‌గ్వో", వుద్వేగపు పండు అన్నాడు. ప్రధాన భూభాగంలో దాని పేరుకు నూరు సువాసనల పండు అని అర్థం.

కాగితం మీద ఏ పేరు

లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద అమ్మే సరుకుకు పేరు మాట కాదు, ధనం. 2007 జూలై 1 నుంచి అమలులో వున్న యు.సి.పి. 600 నియమాలలో 18వ అధికరణం ప్రకారం ఇన్‌వాయిస్‌లోని సరుకు వర్ణన క్రెడిట్‌లోని వర్ణనతో సరిపోవాలి. క్రెడిట్‌లో "గ్వావా" అని వుండి ఇన్‌వాయిస్‌లో "పామగ్రనేట్" అని వుంటే బ్యాంకు పెట్టె తెరిచి చూడదు. కాగితం చూసి తిప్పికొడుతుంది.

కస్టమ్స్ సంఖ్యలు కూడా పండ్ల చుట్టరికాన్ని పట్టించుకోవు. ప్రపంచమంతటా వాడే హెచ్.ఎస్. పద్ధతిలో జామ, మామిడి, మంగోస్టీన్ కలిసి 0804.50 కింద వస్తాయి. దానిమ్మ, లీచీ, లాంగన్, రంబుటాన్ 0810.90లో ఇతరముల కింద పడతాయి. దురియన్‌కు 0810.60 అని సొంత సంఖ్య వుంది. హాంకాంగ్‌లో పండ్లకు దిగుమతి సుంకం లేదు కాబట్టి అక్కడ సంఖ్య తప్పినా వెంటనే సుంకం నష్టం కనిపించదు. అదే సరుకు ప్రధాన భూభాగానికి తిరిగి ఎగుమతి అయినప్పుడు తప్పు బయటపడుతుంది. అక్కడ సుంకమూ వుంది, ఏ దేశపు ఏ పండుకు అనుమతి వున్నదన్న జాబితా కూడా వుంది.

ఇన్ని పేర్ల మధ్య స్థిరంగా నిలిచేది లాటిన్ పేరు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రంలో వృక్షశాస్త్ర నామానికి ప్రత్యేకంగా ఒక గడి వుంటుంది. దానిమ్మ "ప్యూనికా గ్రనేటమ్", జామ "సిడియం గ్వాజావా", సీతాఫలం "అనోనా స్క్వమోసా", రామాఫలం "అనోనా రెటిక్యులేటా". ఈ పేరును ధ్రువపత్రంలోనే వదిలేయక ఒప్పందంలోనూ, క్రెడిట్‌లోనూ, ఇన్‌వాయిస్‌లోనూ అదే అక్షరాలతో రాయించుకోవాలి. దాని పక్కన రకం పేరు, ఆ తరువాత చైనీసు లిపిలో బజారు పేరు వుండాలి. లాటిన్ పేరు జాతిని చెబుతుంది గాని రకాన్ని చెప్పదు. నోమాయ్‌చీకీ హాక్‌యిప్‌కీ లాటిన్‌లో తేడా లేదు, ధరలో వుంది.

గన్ ఎంత?

ఇంగ్లీషు కాగితాల్లో "క్యాటీ" అని కనిపించేది ఈ గన్‌నే. హాంకాంగ్ గన్ 604.79 గ్రాములు, అంటే ఒక పౌనుకు మూడో వంతు కలిపినంత. దీనిలో 16 లెంగ్‌లు. నూరు గన్‌లు ఒక పికుల్, 60.48 కిలోలు. ప్రధాన భూభాగంలో గన్ అర కిలో, అందులో 10 లెంగ్‌లే. మన దగ్గర వీశెలు, మణుగులు 1960ల ఆరంభంలో కిలోలకు దారి ఇచ్చాయి. హాంకాంగ్‌లో చట్టం ఇప్పటికీ కిలో, పౌను, గన్ మూడింటినీ ఒప్పుకుంటుంది. ఒకే వీధిలో ఒక కొట్టు పౌను ధర, పక్క కొట్టు గన్ ధర పలుకుతుంది.

గన్‌కు 12 హాంకాంగ్ డాలర్లు అని దళారీ అన్నాడనుకుందాం. హాంకాంగ్ గన్ అయితే కిలోకు 19.84 డాలర్లు పడుతుంది. అర కిలో గన్ అయితే 24 డాలర్లు. పౌను అని చెప్పినది గన్‌గా వినబడితే అసలు ధర కిలోకు 26.46. మొదటి రెండింటి మధ్య తేడా కిలోకు 4.16 డాలర్లు. పది టన్నుల కంటెయినరుకు అది దాదాపు 41,600 డాలర్లు. ఈ తేడా మార్చేది గుణగణాలు కాదు, బేరం కాదు, ఒక్క అక్షరం అర్థం.

పాత కొట్లలో ధరలు రాసే పద్ధతి కూడా తెలిసివుండాలి. "ఫామా" అనే వర్తకపు అంకెలు కొన్ని ధర పలకల మీదా, పెట్టెల మీదా అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి. ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు. నాలుగుకు రాసే గుర్తు మనం కొట్టివేతకు పెట్టే అడ్డగీతల గుర్తులా వుంటుంది. అది చూసి ఎవరో రద్దుచేసిన పెట్టె అనుకుని పక్కన పెట్టేవారున్నారు. అక్కడ రాసివున్నది నాలుగు.